కొత్తపేట వైపు ఒక కరాటే క్లాసు: నేర్పడం ఒక ఎత్తు, బెల్టు ఇవ్వడం ఇంకో ఎత్తు

మా పాప దాదాపు మూడేళ్ళు వెళ్ళిన కరాటే క్లాసు గురించి రాస్తున్నాను. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట వైపు పిల్లల్ని కరాటేలో వెయ్యాలనుకుంటున్న తల్లులు మా ఆఫీసులోనే నలుగురు నన్ను అడిగారు. అడిగినప్పుడల్లా మెట్ల దగ్గర నిలబడి అరగంట చెప్పే బదులు ఒకసారి కూర్చుని రాసేస్తే మేలనిపించింది. క్లాసు పేరు రాయడం లేదు. పేరు పెడితే అక్కడ ఇంకా నేర్చుకుంటున్న పిల్లల నడుముకున్న బెల్టు మీద మాట పడుతుంది. వాళ్ళ తప్పు ఇందులో ఏమీ లేదు.

నేను కోర్టులో కాపీయిస్టుని. తీర్పులకీ డిక్రీలకీ సర్టిఫైడ్ కాపీలు తయారుచేయడం నా పని. ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, సర్టిఫికెట్ల మాట తర్వాత వస్తుంది.

2021లో దసరా సెలవులు అయ్యాక చేర్పించాం. అప్పటికి పాపకి ఏడేళ్ళు. కరోనాలో ఏడాదిన్నర ఫోన్ ముందు కూర్చుని కూర్చుని మెడ ముందుకి వంగిపోయింది, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేది. క్లాసు ఒక ఫంక్షన్ హాలు మీద, రేకుల షెడ్డులో. సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం 5:30 నుంచి 7 దాకా. అడ్మిషన్ 2,000, అందులోనే డ్రెస్సు. నెలకి 1,200. షెడ్డు ఎండాకాలం కాలిపోతుంది, వానాకాలం ఒక మూల కారుతుంది, ఆ మూల మ్యాట్లు తీసేసి బకెట్ పెట్టేవాళ్ళు. మంచినీళ్ళు ఇంటి నుంచే తెచ్చుకోవాలి. బండి పెట్టుకోడానికి చోటు దొరకదు, పెళ్ళిళ్ళ రోజుల్లో అయితే అసలే లేదు. ఇవన్నీ భరించుకోవచ్చు, నేను భరించాను కూడా.

ఎందుకు భరించానంటే నేర్పే మనిషి అలాంటిది. అందరూ పెద్ద సార్ అని పిలిచే మాస్టర్ శుక్రవారం మాత్రమే వచ్చేవారు. ఆయనకి ఊళ్ళో ఇంకా చాలా బ్రాంచీలున్నాయి. మిగతా రోజులు నేర్పేది ఇరవై ఎనిమిదేళ్ళ అమ్మాయి. పిల్లలంతా అక్కా అనే పిలిచేవాళ్ళు. నేనూ అక్క అనే రాస్తాను.

ఆమె పాఠం ఒక్కటి చెప్తా. జెంకుట్సు దాచీ అని ఒక నిలబడే పద్ధతి ఉంది. ముందు మోకాలు వంచి, వెనక కాలు చాచి నిలబడాలి. పిల్లలు చేసే మొదటి తప్పు వెనక కాలి మడమ పైకి లేపేయడం. అక్క పాత నోట్‌బుక్కుల కాగితాలు చింపి తెచ్చేది. ఒక్కో పిల్ల వెనక కాలి మడమ కింద ఒక్కో కాగితం పెట్టేది. "పంచ్!" అనగానే పిల్లలు గుద్దేవాళ్ళు. ఆమె వెనకనుంచి వచ్చి కాగితం కొస పట్టుకుని లాగేది. చేతికొచ్చేసిందంటే మడమ లేచినట్టే. రాకుండా చిరిగితే "చిరిగింది, భలే!" అనేది. మా పాప ఇంటికొచ్చి నా కరెంటు బిల్లు మడమ కింద పెట్టుకుని, నాన్నని లాగమనేది. ఆ బిల్లు చిరిగిన రోజు ఇంట్లో పండగే. ఆరు నెలలు తిరిగేసరికి మెడ నిటారుగా వచ్చింది. నాలుగో అంతస్తుకి నాకంటే ముందు ఎక్కి పైనుంచి పిలిచేది.

నేర్పడం విషయంలో ఆ క్లాసుకి అక్క ఉన్నన్నాళ్ళూ పూర్తి మార్కులు. ఇక బెల్టుల సంగతి.

అక్కడ వరస ఇది: తెలుపు, పసుపు, ఆరెంజ్, ఆకుపచ్చ, నీలం, ఊదా, ఆ తర్వాత బ్రౌన్‌లో మూడు మెట్లు, ఆపైన నలుపు. ఈ వరస అన్నిచోట్లా ఒకేలా ఉండదు, ఒక్కో సంఘానిది ఒక్కో వరస. పసుపు 2022 ఫిబ్రవరిలో వచ్చింది. ఆ ఆగస్టులో ఆరెంజ్ టెస్టు. హేయాన్ షోదాన్ అనే కటా (వరస తప్పకుండా చేసే కదలికల పాఠం) చెయ్యాలి. 21 కదలికలు, రెండు చోట్ల గట్టిగా కియాయ్ అని అరవాలి. ఆ రోజుల్లో టెస్టు మా షెడ్డులోనే జరిగేది. ఒక్కొక్కళ్ళనీ విడిగా పిలిచేవాళ్ళు. అక్క రాసిచ్చిన చీటీ చూసి పెద్ద సార్ సంతకం పెట్టేవారు.

మా పాప ఫెయిలైంది. అక్క ఇచ్చిన చీటీ ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో మూడు మాటలు: చివరి నాలుగు షుటో ఉకేల్లో (తెరిచిన చేతి అంచుతో దెబ్బని ఆపడం) బరువు వెనక కాలి మీద ఉండాలి, ముందుకి పడుతోంది. తిరిగేటప్పుడు ముందు తల తిరగాలి, ఒళ్ళు తర్వాత. రెండో కియాయ్ వినపడలేదు. కింద "మళ్ళీ ఫీజు వద్దు, రెడీ అయ్యాక చెప్పు" అని రాసింది. పాప దారి పొడుగునా ఏడ్చింది. అష్టలక్ష్మి గుడి దగ్గర బండి ఆపి చెరుకురసం తాగించినా ఆగలేదు. ఉన్నమాట చెప్తున్నా, ఆ రాత్రి నాకూ కోపం వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్లని ఫెయిల్ చెయ్యడమేంటి అనుకున్నాను. మా ఆయనైతే క్లాసు మాన్పించేద్దామన్నారు.

మాన్పించలేదు. పాప ఆ చీటీని బీరువా అద్దానికి అంటించుకుంది. రోజూ పొద్దున బ్రష్ నోట్లో పెట్టుకుని వెనక కాలి మీద బరువు వేసి నిలబడేది. నవంబర్‌లో తనంతట తానే వెళ్ళి "అక్కా, రెడీ" అంది. ఆ రోజు రెండో కియాయ్‌కి కింద ఫంక్షన్ హాల్లో కుర్చీలు సర్దుతున్నవాళ్ళు పైకి చూశారు. ఆరెంజ్ బెల్టు కట్టుకుని ఇంటికొచ్చి, అన్నం తినేటప్పుడు కూడా విప్పలేదు.

ఆకుపచ్చ కూడా అలాగే కష్టపడి, 2023 మేలో తెచ్చుకుంది. మార్పు 2024 మొదట్లో వచ్చింది. పెద్ద సార్ సంఘం పెద్దదైంది, కొత్త బ్రాంచీలు వచ్చాయి. అన్ని బ్రాంచీలకీ కలిపి ఒకేచోట, మూడు నెలలకోసారి టెస్టు అన్నారు. ఫీజు 1,500 నుంచి 2,500 అయింది. బెల్టు, సర్టిఫికెట్, మెడలో వేసే పతకం అందులోనే అన్నారు. వాట్సాప్ గ్రూపులో "ఈసారి అందరూ తప్పనిసరిగా రావాలి" అని వచ్చింది. నెల ఫీజు ఏడాదికి 14,400. దానికి తోడు టెస్టులకి ఇంకో 10,000. డబ్బు కంటే నన్ను పట్టుకున్నది ఆ తప్పనిసరి అన్న మాట. మూడు నెలల గడువు పెట్టడం తప్పని నేననను. కింది బెల్టులకి చాలా సంఘాల్లో ఉండే కనీస గడువు అదే. కానీ కనీసం మూడు నెలలు ఆగాలన్నదాన్ని మూడు నెలలకోసారి బెల్టు ఖాయం అన్నట్టు చేసేశారు.

జనవరిలో నీలం వచ్చింది. అప్పటికే నాకు అనుమానం, కానీ పాప కటా నిజంగానే బాగా చేసింది కాబట్టి ఊరుకున్నాను. ఏప్రిల్‌లో ఊదా టెస్టు. ఆ రోజు సంగతి వివరంగా చెప్పాలి.

పెద్ద హాలు. అన్ని బ్రాంచీల పిల్లలు, నా లెక్కలో నూట నలభైకి తక్కువ లేరు. స్టేజీ మీద పెద్ద సార్, పక్కన వేరే ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినర్, ఇంకా ఇద్దరు ముఖ్య అతిథులు. పొద్దున 8కి రమ్మన్నారు, మొదలైంది 10:30కి. ఆధార్ జిరాక్స్, ఫొటో ఇవ్వమంటే నేను స్టేజీ పక్క టేబుల్ దగ్గరికి వెళ్ళాను. అక్కడ ఒక కుర్రాడు సర్టిఫికెట్లు బ్రాంచీల వారీగా సర్దుతున్నాడు. మా బ్రాంచీ కట్టలో పైనుంచి మూడోది మా పాపది. పేరు, ఊదా బెల్టు, గ్రేడు ఏ, ఆ రోజు తేదీ, ఎగ్జామినర్ సంతకం, గుండ్రటి ముద్ర. అన్నీ ఉన్నాయి. మా పాప ఇంకా హాల్లో ఓ మూల షూ విప్పుతోంది.

మా సెక్షన్‌లో తీర్పు మీద జడ్జిగారి సంతకం పడేదాకా కాపీ మాట ఎత్తం. కాపీ తయారయ్యాక వెనక తేదీలన్నీ రాస్తాం: అప్లికేషన్ పెట్టింది ఎప్పుడు, చార్జీలు కట్టింది ఎప్పుడు, కాపీ సిద్ధమైంది ఎప్పుడు, ఇచ్చింది ఎప్పుడు. ఒక్క తేదీ అటూ ఇటూ అయితే మా మీద వేటు పడుతుంది. పదహారేళ్ళుగా అదే పని చేస్తున్నదాన్ని. ఆ కట్ట చూసేసరికి నాకు ఒళ్ళు చల్లబడిపోయింది. ఎవరితోనూ ఏమీ అనలేదు. వచ్చి కుర్చీలో కూర్చున్నాను.

మా పిల్లల వంతు వచ్చింది. పన్నెండు మందిని ఒకేసారి నిలబెట్టారు. హేయాన్ యోదాన్ అనే కటా. రెండు చేతులూ తెరిచి మెల్లగా పైకెత్తడంతో మొదలవుతుంది, చూడ్డానికి ఎంతో బాగుంటుంది. చివర్లో ఎదుటివాడి తల పట్టుకుని కిందికి లాగి మోకాలితో పొడిచే దెబ్బ ఉంటుంది. అక్కడ కియాయ్. ఆ వెంటనే గిరుక్కున వెనక్కి తిరిగి షుటో ఉకే వెయ్యాలి. మా పాప తిరగలేదు. ముందుకే ఒక అడుగు వేసింది. తప్పని తెలిసి ఆగిపోయింది. పక్కన పిల్లాణ్ణి ఓరకంట చూసి, వాడితోపాటు ముగించేసింది. ఆ ఆగిపోయిన క్షణం నేను ఇరవై గజాల దూరం నుంచి చూశాను. స్టేజీ మీద ఎగ్జామినర్ ముఖ్య అతిథితో మాట్లాడుతున్నారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు, తర్వాతి పన్నెండు మందిని పిలిచారు.

సాయంత్రం పతకం వేశారు, ఊదా బెల్టు కట్టారు, ఫొటో తీశారు. ఆటోలో పాప మాట్లాడలేదు. మలక్‌పేట దాటాక అంది, "అమ్మా, నేను తప్పు చేశా. ఎవరూ చూళ్ళేదు." నేను చూశానని చెప్పాను. "మరి ఏ గ్రేడ్ ఎలా ఇచ్చారు?" అంది. నా నోరు పెగల్లేదు. ఇంటికొచ్చి ఆ బెల్టు మడతపెట్టి బీరువా అడుగు అరలో, నా పాత పట్టుచీరల కింద పెట్టింది. ఆరెంజ్ బెల్టుని అన్నం దగ్గర కూడా విప్పని పిల్ల.

ఆ వారంలోనే పెద్ద సార్‌ని కలిశాను. ఆయన వైపు మాట కూడా రాయాలి, ఎందుకంటే ఆయన నన్ను కసురుకోలేదు, కూర్చోబెట్టి చెప్పారు. "మేడం, మీలా అడిగేవాళ్ళు ఒక్కరు. పిల్లాణ్ణి ఫెయిల్ చేస్తే మర్నాటి నుంచి రానివాళ్ళు యాభై మంది. వాళ్ళ నాన్నే వచ్చి, పక్క వీధి క్లాసులో నాలుగు నెలలకి బ్రౌన్ ఇస్తామన్నారు అంటాడు. షెడ్డు అద్దె, నలుగురు ఇన్‌స్ట్రక్టర్ల జీతాలు నెల ఫీజుతో రావు, టెస్టు ఫీజుతోనే వస్తాయి" అన్నారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. మా షెడ్డులోనే ఒక తండ్రి, వాళ్ళ బాబుకి బెల్టు ఆగిందని అక్క మీదికి చెయ్యెత్తినంత పని చేశాడు. నేనూ పసుపు బెల్టు ఫొటో స్టేటస్ పెట్టుకున్నదాన్నే, ఎనిమిది మెట్ల దూరంలోని నల్ల బెల్టు గురించి చుట్టాలకి అప్పుడే చెప్పుకున్నదాన్నే. కానీ అద్దె కట్టాల్సింది నెల ఫీజు పెంచి. 1,200 బదులు 2,000 అడిగినా ఇచ్చేదాన్ని. పిల్ల చేసిన కటాకి మాత్రం ఉన్న మార్కే వెయ్యాలి. ఆయనకి ఇదే చెప్పాను. చూద్దాం మేడం అన్నారు.

జూన్‌లో అక్క మానేసింది. కారణం నాకు తర్వాత తెలిసింది. ఆమెకి ఫస్ట్ దాన్, అంటే నల్ల బెల్టులో మొదటి మెట్టు, 2014లో వచ్చింది. దాని మీద రెండేళ్ళు గడిస్తే సెకండ్ దాన్‌కి కూర్చోనివ్వడం చాలా సంఘాల్లో ఉన్నదే. పదేళ్ళయినా ఆమెని కూర్చోనివ్వలేదు. అదే పదేళ్ళలో ఆమెకంటే వెనక వచ్చినవాళ్ళు, కొత్త బ్రాంచీ తెరిచి పిల్లల్ని తెచ్చినవాళ్ళు, రెండో దాన్, మూడో దాన్ దాటి వెళ్ళిపోయారు. ఆమె తెచ్చింది పిల్లల్ని కాదు, వచ్చిన పిల్లలకి నేర్పింది. దానికి ఆ సంఘంలో లెక్క లేదు. అడిగితే "నువ్వు ఒక బ్రాంచి పెట్టు, చూద్దాం" అన్నారట.

ఆ తర్వాత వాట్సాప్‌లో జరిగింది తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. ఒక్క రాత్రిలో గ్రూపు రెండైంది. ఒక గ్రూపులో "ఫలానా ఇన్‌స్ట్రక్టర్‌తో మన సంఘానికి సంబంధం లేదు, ఆమె దగ్గరకి వెళ్ళే పిల్లల బెల్టులు చెల్లవు" అని లెటర్‌హెడ్ మీద నోటీసు. ఇంకో సంఘం వాళ్ళు ఎలా తెలుసుకున్నారో, తల్లిదండ్రులకి విడివిడిగా ఫోన్లు: "మా దగ్గర చేరండి, ఇప్పుడున్నదాని మీద ఒక బెల్టు పైకిస్తాం, టెస్టు అక్కర్లేదు." మూడేళ్ళు పక్కపక్కన నిలబడి పంచ్‌లు కొట్టిన పిల్లలు రైతుబజార్‌లో ఎదురుపడితే, తల్లులు చెయ్యి పట్టి లాక్కుపోయారు. పిల్లల్ని ఇందులోకి లాగిన పెద్దవాళ్ళెవర్నీ నేను మెచ్చుకోను.

పాప అడిగింది, "నా బెల్టు చెల్లదంటున్నారు. ఎవరు చెప్తే చెల్లుతుంది?" ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ నేను రాత్రుళ్ళు చాలా చదివాను. తెలిసింది ఇక్కడ కూడా రాస్తాను, ఫీజు కట్టేముందు ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవాల్సిందే.

అసలు కరాటేకి మొదట్లో బెల్టులే లేవు. ఈ మెట్ల పద్ధతి జూడోది. 1882లో జూడో మొదలుపెట్టిన కానో జిగోరో ఆ మరుసటి ఏడాది తన ఇద్దరు శిష్యులకి దాన్ ఇచ్చాడు. ఒకినావా నుంచి 1922లో టోక్యో వెళ్ళి అక్కడ కరాటే నేర్పిన ఫునాకోషి గిచిన్ ఆ పద్ధతే తీసుకుని, 1924లో తన దగ్గర నేర్చుకున్న ఏడుగురికి మొదటి నల్ల బెల్టులిచ్చాడు. ఇన్ని రంగులు జూడో యూరప్ వెళ్ళాక ప్రచారంలోకి వచ్చాయి. తెల్ల బెల్టు ఉతక్కుండా కట్టీకట్టీ నల్లబడితే అదే బ్లాక్ బెల్టు అని మా క్లాసు గోడ మీద ఫ్రేము కట్టి పెట్టారు, పిల్లలంతా నమ్మారు. దానికి ఆధారం లేదు. మొదటి దాన్‌ని జపాన్‌లో షోదాన్ అంటారు, మొదలుపెట్టే మెట్టు అని. అంటే నలుపు వచ్చాక పాఠం మొదలవుతుంది. ఇది విన్నప్పుడు పాప, "అయితే నేనింకా మొదలే పెట్టలేదా?" అని కళ్ళు పెద్దవి చేసింది.

చీలికలు కూడా మన కాలనీలో పుట్టినవి కావు. ఫునాకోషి 1957లో పోతే, అంత్యక్రియలు ఎవరు జరిపించాలన్న దగ్గరే శిష్యుల మధ్య పేచీ ముదిరి, షోటోకాయ్ అనే సంఘం ఒక దారి, 1949లో పెట్టిన జపాన్ కరాటే అసోసియేషన్ ఇంకో దారి అయ్యాయి. ఆ అసోసియేషన్‌కి పెద్దదిక్కయిన నకయామా మసతోషి 1987లో పోయాక అందులోనూ రెండు వర్గాలై, మేమంటే మేమే అసలు సంఘమని కోర్టుకెక్కారు. ఆ దావా జపాన్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1999లో తేలింది. క్యోకుషిన్ అనే ఇంకో కరాటే శైలి పెట్టిన ఒయామా మసుతాత్సు 1994లో పోతే అదీ అంతే. అందుకే కరాటే దాన్‌లన్నిటికీ కలిపి ప్రపంచంలో ఒక్క ముద్ర లేదు. ఏ సంఘం ఇచ్చిన సర్టిఫికెట్‌కి ఆ సంఘం గౌరవమే గౌరవం. టోక్యో ఒలింపిక్స్‌లో కరాటే ఉంది కదా అంటారు. అది పోటీ, మన పిల్లల బెల్టులతో దానికి సంబంధం లేదు. 2024 పారిస్‌లో ఆ పోటీ కూడా లేదు. మా కింది ఫ్లాట్ వాళ్ళబ్బాయి తైక్వాండో నేర్చుకుంటున్నాడు. వాళ్ళకి సియోల్‌లో కుక్కివాన్ అనే కేంద్రం ఉంది. దాన్ సర్టిఫికెట్ అక్కణ్ణుంచి నంబర్‌తో వస్తుంది, ఆ నంబర్ నిజమో కాదో సరిచూసుకోవచ్చు. పదిహేనేళ్ళ లోపు పిల్లలకి దాన్ బదులు పూమ్ అని, ఎరుపు నలుపు కలిసిన బెల్టు ఇస్తారు. ఆ అబ్బాయి వాళ్ళమ్మ నాకు చూపించింది.

ఇంకో మాట. బ్లాక్ బెల్టు ఉంటే స్పోర్ట్స్ కోటాలో సీటొస్తుందని మా క్లాసులో తల్లిదండ్రుల మీటింగ్‌లో చెప్పారు. కోటాకి చూసేది గుర్తింపు ఉన్న పోటీల్లో ఎక్కడిదాకా ఆడారు, ఏం గెలిచారు అన్నది. నడుముకున్న బెల్టు రంగు కాదు. ఆ ఆశతో టెస్టు ఫీజులు కట్టేవాళ్ళు నాకు బాగా తెలిసినవాళ్ళే ఉన్నారు, అందుకే గట్టిగా చెప్తున్నా.

ఆగస్టులో పాపని అక్క దగ్గరికి పంపడం మొదలుపెట్టాం. ఆమె కూడా ఒక సంఘంలో చేరింది. చేరకుండా క్లాసు నడపడం కష్టమంది. ఆ సంఘం పిల్లలకి ఒక బెల్టు పైకిస్తామంటే వద్దంది. తనకి మాత్రం సెకండ్ దాన్ టెస్టుకి కూర్చునే అవకాశం అడిగి, ఫీజు కట్టి, అక్టోబర్‌లో కూర్చుంది. మొదటిసారి రాలేదు. ఆ మాట పిల్లలందరి ముందు తానే చెప్పింది, "నా బస్సాయ్ దాయ్ కటాలో తప్పులు చూపించారు, మళ్ళీ మార్చిలో" అని. మా పాప ఆ రోజు ఇంటికొచ్చి చెప్పిన తీరు చూడాలి, అక్క ఏదో పతకం గెల్చుకొచ్చినట్టు చెప్పింది.

కొత్త చోటు ఒక స్కూలు డాబా మీద. మంగళ, గురు సాయంత్రాలు, ఆదివారం పొద్దున 6:30కి. నెలకి 1,800. పిల్లలు పంతొమ్మిది మంది. మ్యాట్లు లేవు, పడటాలు నేర్పేటప్పుడు పాత పరుపులు రెండు వేస్తారు. చలికాలం సిమెంట్ నేల కాళ్ళకి కొరుకుతుంది, మ్యాట్లు త్వరగా కొనాలని మేమంతా అడుగుతున్నాం. పోటీలకి తయారుచేయడం ఇంకా మొదలుపెట్టలేదు. కుమిటే (ఇద్దరు ఎదురెదురుగా తలపడే) పోటీలు కావాలనుకునే పెద్ద పిల్లలకి ప్రస్తుతానికి ఇది చాలదు. వాళ్ళకి పాత క్లాసులోనే జోడీలు దొరుకుతాయి, అది ఒప్పుకోవాలి. ఐదారేళ్ళ పిల్లల్ని ఒంటికి మంచిదని పంపాలనుకున్నా పాత క్లాసు ఫర్వాలేదు, టెస్టులు ఏడాదికి ఒకటో రెండో చాలని ముందే తేల్చి చెప్పండి. చేర్చేముందు, ఎక్కడైనా సరే, పోయినసారి టెస్టులో ఎంతమంది ఫెయిలయ్యారో అడగండి. ఒక్కరూ లేరని గర్వంగా చెప్తే ఆలోచించుకోండి. ఫెయిలైన పిల్లకి ఏం రాసిచ్చారో చూపించమనండి.

మొదటి రోజు పాప సంచిలో నీలం, ఊదా రెండు బెల్టులూ పెట్టాను, తనిష్టమని. డాబా మీద పిల్లలు వరసలో నిలబడుతుంటే, అక్క ఇటు చూసి "నీది ఏ బెల్టురా ఇప్పుడు?" అంది. పాప సంచిలోకి చెయ్యి పెట్టి నీలం తీసి కట్టుకుంది. అక్క ఇంకేమీ అడగలేదు. హేయాన్ యోదాన్ చెయ్యమంది. మోకాలి దెబ్బ దగ్గర మళ్ళీ తడబడింది. అక్క వచ్చి భుజాలు పట్టుకుని, ముందు తల తిప్పి, తర్వాత ఒళ్ళు తిప్పింది. రెండేళ్ళ కింద చీటీలో రాసిన రెండో మాటే అది.

ఊదా బెల్టు మళ్ళీ పట్టుచీరల కిందికే చేరింది. ఫిబ్రవరిలో గ్రేడింగ్, అంటే బెల్టు టెస్టు, ఉందని తెలిసింది. పాప పేరు ఇవ్వమని అక్క ఇంకా అనలేదు. మేమూ అడగలేదు. పాప మాత్రం బాల్కనీలో బట్టల తీగ కింద రోజూ పొద్దున్నే ఆ ఒక్క మలుపే తిరుగుతోంది, కింది ఫ్లాట్ వాళ్ళు లేవకముందు, కియాయ్ నోట్లోనే అనుకుంటూ.